సంతకమునకు ముందు

ప్రశ్న: నా వయస్సు 24 ఏండ్లు. ముక్కు వంపు సరిచేయించుకొనుటకు వచ్చే వారము ఆపరేషన్. ఆసుపత్రివారు ఇంగ్లీషు పత్రమొకటి ఇచ్చి సంతకము చేయుమన్నారు. చదువకుండ చేయవచ్చునా?
– ఒక పాఠకురాలు, గుంటూరు

జవాబు: చేయవలదమ్మా. ప్రాణాపాయమును తప్పించు చికిత్సలో కాలము తరుముచుండును గాని, రూపమును దిద్దుకొనుటకై కోరి చేయించుకొను శస్త్రచికిత్సలో అట్టి తొందర లేదు గనుక, సమస్తమును తెలిసికొని, నిదానముగా యోచించి, ఒప్పుకొనుటకును మానుకొనుటకును మీకు సంపూర్ణ స్వాతంత్ర్యము కలదు. చికిత్స స్వభావమును, ప్రయోజనమును, ప్రత్యామ్నాయములను, ముఖ్యమైన అపాయములను తెలిపి పొందినదే నిజమైన సమ్మతియని సుప్రీంకోర్టు 2008లో సమీరా కోహ్లీ కేసున స్పష్టముగా చెప్పినది.

పత్రమును ఇంటికి తెచ్చుకొని, తెలియని ప్రతి వాక్యమును తెలుగులో వివరింపుమని సర్జనునే అడుగుడు. రక్తస్రావము, చీము పట్టుట, శ్వాసకు ఆటంకము, మత్తుమందు వలని చిక్కులు సంభవింపవచ్చును. వాపు పూర్తిగా తగ్గి తుదిరూపము తేలుటకు ఏడాది పట్టవచ్చును. కొందరికి రెండవ ఆపరేషన్ కావలసివచ్చును. ఆ ఖర్చెవరిది? కత్తి పట్టువారెవరు? వారి అర్హత యేమి? ఇవి అడుగుటకు సంకోచింపకుడు. ఆసుపత్రివారు చూపు ఇతరుల ఛాయాచిత్రములు మీ ముక్కునకు హామీ కావు. సంతకము చేసిన పిదప సైతము, మత్తు ఇచ్చుటకు ముందెప్పుడైనను వలదనవచ్చును. ఈ మాట ఎందరికో తెలియకపోవుట నాకు బాధాకరము.

సర్జను సమాధానము దాటవేసినచో మరియొక ప్లాస్టిక్ సర్జనును సంప్రదింపుడు. ముక్కును గూర్చిన చింత నిద్రాహారములను చెరచుచున్నచో ముందుగా మానసిక వైద్యుని చూడుడు. ఆపరేషన్ తరువాత ఆగని రక్తము, జ్వరము, ఆయాసము కనిపించినచో తక్షణమే ఆసుపత్రికి వెళ్లుడు.