మొలకకు ఎరువు ఎప్పుడు వేయాలి?



గత నెల సైన్స్ ప్రాజెక్ట్ కోసం ఆరో తరగతి పిల్లలను కప్పుల్లో టమాటా విత్తనాలు వేయమన్నాను. "మట్టిలో సగం పేడ ఎరువు కలపండి, మొక్క బలంగా వస్తుంది" అని చెప్పింది నేనే. రెండు వారాలకు చూస్తే చాలా కప్పుల్లో మొలకే లేదు. వచ్చిన కొన్ని కూడా మొదలు దగ్గర మెత్తబడి వాలిపోయాయి. ఎరువు దొరక్క ఉత్త ఇసుక మట్టి తెచ్చిన పాప కప్పులో మాత్రం మొలకలు పచ్చగా నిలబడ్డాయి. "నేను సరిగ్గా నీళ్లు పోయలేదా మిస్?" అని ఒక బాబు ఏడ్చేశాడు. తప్పు వాడిది కాదు, నాది. ఆ మాట క్లాసులోనే చెప్పి, పాఠం మళ్లీ మొదలుపెట్టాం.

ఎరువు ఎక్కువైతే ఏమవుతుంది?

1. మొలకెత్తడానికి కావలసిన ఆహారం విత్తనంలోనే ఉంటుంది. బయటి నుంచి దానికి కావలసింది తేమ, గాలి, తగిన వెచ్చదనం. అంతే.

2. ఎరువులో లవణాలు ఉంటాయి. అవి ఎక్కువైతే విత్తనం నీటిని పీల్చుకోలేదు, లేత వేరు మాడిపోతుంది. మన తీరంలో చాలాచోట్ల బోరు నీళ్లే ఉప్పగా ఉంటాయి కాబట్టి ఈ ఇబ్బంది ఇంకా ఎక్కువ.

3. పూర్తిగా మాగని పేడ మట్టిలో కుళ్లేటప్పుడు వేడి, అమ్మోనియా పుడతాయి. ఎప్పుడూ తడిగా ఉండే ఆ మట్టిలో నారుకుళ్లు తెగులు తెచ్చే శిలీంధ్రాలు తేలిగ్గా పెరుగుతాయి.

నర్సరీలో ఎలా చేస్తారు?

మైపాడు వైపు వెళ్లినప్పుడు సరుగుడు తోటలు చూసే ఉంటారు. ఆ చెట్ల నారును ఇసుక ఎక్కువగా ఉన్న ఎత్తు మడుల్లోనే పోస్తారు. మిరప, టమాటా నారు పెంచే షేడ్‌నెట్ నర్సరీల్లో ట్రేలలో కొబ్బరి పొట్టు నింపుతారు. అందులో పోషకాలు చాలా తక్కువ. నిజమైన ఆకులు వచ్చాకే కొద్దికొద్దిగా ఎరువు ఇస్తారు.

ఇంట్లో చేసి చూడండి

రెండు కప్పులకు అడుగున చిల్లులు పెట్టండి. మొదటి దానిలో సగం మట్టి, సగం కడిగిన ఇసుక నింపండి. రెండో దానిలో సగం మట్టి, సగం పేడ ఎరువు నింపండి. ఒక్కో దానిలో పది టమాటా విత్తనాలు వేసి, ఒకే చోట పెట్టి, ఒకే కొలతలో మంచినీళ్లు చల్లండి. పదిహేను రోజులపాటు ఎన్ని మొలిచాయో, ఎన్ని వాలిపోయాయో పిల్లలతోనే రాయించండి.

పరీక్షకు గుర్తుంచుకోవలసిన మాటలు: జెర్మినేషన్ అంటే మొలకెత్తడం, ఆస్మాసిస్ అంటే ద్రవాభిసరణం, డాంపింగ్ ఆఫ్ అంటే నారుకుళ్లు.

చివరిగా ఒక్క మనవి. మొలకలు రాకపోతే నర్సరీలో మొక్క కొని పంపకండి. ఖాళీ కప్పునే పంపండి. మార్కులు మొక్కకు కాదు, పిల్లలు చూసి రాసినదానికి.

మీ పిల్లల సైన్స్ టీచర్