కావలి కుక్కపిల్లకు పెట్టవలసిన ఆహారము

పొలమునకు కావలిగా పెంచదలచిన కుక్కపిల్లను ఎనిమిది వారములు నిండకమునుపు తల్లినుండి వేఱుచేయరాదు. తెచ్చిన పిమ్మట పూర్వపు తిండినే కొన్నిదినములు పెట్టి, క్రమముగా మార్చవలయును.

పెక్కుయిండ్లలో గంజియు మిగిలిన యన్నమును మాత్రమే పెట్టుదురు. అందువలన కడుపు నిండునుగాని కండ పెరుగదు. కావున మెత్తని యన్నములోగాని సంకటిలోగాని ఉడికించిన కోడిగ్రుడ్డు, ముండ్లు తీసిన చేప, లేక ఎముకలేని మాంసము కలిపి దినమునకు మూడు నాలుగు మార్లు పెట్టవలయును. పాలు విరేచనములు కలిగించినయెడల మానవలయును. ఉల్లి, వెల్లుల్లి పడిన పులుసన్నము రక్తమును చెఱచును; రైతులు దీనిని నమ్మకున్నను నిజము. ఉడికిన కోడియెముకలు చీలి ప్రేగులను గ్రుచ్చును. ఎముక గట్టిపడునని పశువైద్యుని యడుగక సున్నపుమందులు పోయరాదు.

పొట్ట ఉబ్బి ప్రక్కటెముకలు తేలిన పిల్లకు తిండి హెచ్చించిన లాభములేదు. అది ఏలికపాముల లక్షణము కావచ్చును. ముందుగా పశువైద్యశాలలో మందిప్పించవలయును.