అశ్వగంధ డబ్బా కొనేముందు

క్వార్టర్ ఎండింగ్ వచ్చిందంటే మా ఫ్లోర్‌లో ఇద్దరు ముగ్గురి డెస్కుల మీద అశ్వగంధ డబ్బాలు కనబడతాయి. ఇంట్లో పెద్దవాళ్ళు పెన్నేరు గడ్డ అంటూ పాలల్లో కలిపి ఇచ్చిందే ఇప్పుడు క్యాప్సూల్ అయింది. వాడొచ్చా అని అడిగితే, నీరసం దేనివల్లో ముందు తేల్చుకోమంటాను.

నా టీమ్‌లో ఒకమ్మాయి నీరసానికి రిలీజ్ టెన్షనే కారణం అనుకుని రెండు డబ్బాలు ఖాళీ చేసింది. ఓరోజు లిఫ్ట్ ఆగిపోతే రెండో అంతస్తుకే ఆయాసపడి మెట్ల మీద కూర్చుండిపోయింది. పరీక్ష చేయిస్తే హిమోగ్లోబిన్ 9కి దిగిందని తేలింది. ఐరన్ మాత్రలతో కోలుకుంది గానీ మూడు నెలలు వృథా. సీబీసీ, టీఎస్‌హెచ్, బీ12, షుగర్ పరీక్షలు ముందు చేయించుకోండి.

అశ్వగంధకు ఆధారాలు లేవని కాదు. 2012లో వెలువడిన హైదరాబాద్ ట్రయల్‌లో ఒత్తిడితో ఉన్న 64 మందిని తీసుకున్నారు. కొందరికి వేరు సారం 300 మిల్లీగ్రాములు రోజుకు రెండుసార్లు, మిగతావాళ్ళకు ఉత్తుత్తి మాత్ర, 60 రోజులు ఇచ్చారు. సారం వాడినవాళ్ళలో ఒత్తిడి స్కోరు, ఒత్తిడి హార్మోన్ కార్టిసాల్ బాగా తగ్గాయి. తర్వాతివీ చాలావరకు ఇలాంటి చిన్న ట్రయల్సే, రెండు మూడు నెలలవే. వాటిని నమ్ముకుని ఏళ్ళ తరబడి మింగడానికి లేదు.

లేబుల్ చదవండి. ట్రయల్‌లో వాడింది సారం; చూర్ణం అయితే ఆ మోతాదు లెక్క పనికిరాదు. వేరు మాత్రమే ఉందా, ఆకు కూడా కలిపారా చూడండి. ఆకు వాడొద్దని ఆయుష్ శాఖ 2021లోనే తయారీదారులకు చెప్పింది. డెన్మార్క్ అయితే 2023లో అశ్వగంధనే నిషేధించింది. అక్కడికి ఆన్‌సైట్ వెళ్ళేవాళ్ళు సూట్‌కేసులో పెట్టుకోకండి.

గర్భిణులు దీని జోలికి పోవద్దు. ఇది థైరాయిడ్ హార్మోన్లను పెంచగలదు కాబట్టి థైరాయిడ్ మాత్ర వేసుకునేవాళ్ళు డాక్టర్ని అడగందే మొదలుపెట్టొద్దు. బీపీ, షుగర్, నిద్ర మాత్రలు వాడేవాళ్ళకూ అదే మాట. కొందరికి మగత వస్తుంది, నైట్ షిఫ్ట్ అయ్యాక బండి నడిపేవాళ్ళు జాగ్రత్త. అరుదుగానే అయినా లివర్ దెబ్బతిన్న కేసులున్నాయి: ఒళ్ళు దురద, కళ్ళు పచ్చబడటం, మూత్రం ముదురు రంగులో రావడం కనిపిస్తే వెంటనే ఆపేసి డాక్టర్‌ దగ్గరికి వెళ్ళండి. వెళ్ళేటప్పుడు ఆ డబ్బా కూడా పట్టుకెళ్ళండి. ఏ మందులు వాడుతున్నారని అడిగితే మనవాళ్ళు దీన్ని లెక్కలోకే తీసుకోరు.