గ్రామసభ: అందలి మేలు, కీడు

జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల మూడును పురపాలక సంఘములు గల పట్టణములు. అచ్చటి పౌరులు వార్డున కొక సభ్యుని నెన్నుకొని, పిమ్మట అతని ముఖమున మాటలాడుదురు. పట్టణపు పొలిమేర దాటి పల్లె కేగినచో వేరొక పద్ధతి కానవచ్చును. అచ్చట సర్పంచితోపాటు గ్రామసభయు నున్నది. ఓటర్ల జాబితాలో పేరున్న ప్రతివారును దానికి సభ్యులే. ప్రజలు ప్రతినిధి నడుమ లేక తామే కూడి విచారించు నీ పద్ధతినే ప్రత్యక్ష ప్రజాస్వామ్య మందురు. 1993 ఏప్రిల్ 24న అమలులోనికి వచ్చిన 73వ సవరణ గ్రామసభకు రాజ్యాంగమున చోటిచ్చినది. తెలంగాణమున 2018 నాటి పంచాయతీరాజ్ చట్టము రెండు నెలల కొకమారైనను సభ జరుగవలెనని విధించినది.

దీని మేలు లెక్కలయొద్ద తెలియును. ఉమ్మడి ఆంధ్రప్రదేశమున 2006 నుండి ఉపాధిహామీ పనుల లెక్కలను ప్రజల యెదుట చదివి వినిపించు సామాజిక తనిఖీ మొదలయ్యెను. కాగితముపై కూలి పుచ్చుకొన్నట్లున్నవాడు లేచి, "ఈ డబ్బు నాకు ముట్టలేదు" అని చెప్పగలడు. అందులకు చదువక్కరలేదు, సిఫారసు నక్కరలేదు. చెరువు తూము ఎచ్చట కారుచున్నదో ఆయకట్టు రైతునకు తెలిసినట్లు దూరపు కచేరీలకు తెలియదు గదా!

కాని సభకు మనిషి స్వయముగా రావలెను. బీడీలు చుట్టు స్త్రీకి వేయి బీడీల లెక్కన కూలి. ఒక పూట సభలో గూర్చుండిన ఆ పూట సంపాదన పోవును. గల్ఫు దేశములకు వలసపోయినవారి పేరు ఊరి జాబితాలో నుండును, మనిషి దుబాయిలో నుండును. కావున తీరిక గలవారి మాటయే ఊరి మాటగా చెల్లుట కలదు.

ఇంతకంటె పెద్ద కీడు మరియొకటి. ఎన్నికలలో ఓటు రహస్యము. సభలో నెత్తిన చేయి అప్పిచ్చినవానికిని, కౌలుకు భూమి నిచ్చినవానికిని కనబడును. వెట్టికిని దొరల పెత్తనమునకును ఎదురు నిలిచిన కూలీలు 1978 సెప్టెంబరు 7న జగిత్యాలలో వేల సంఖ్యలో గూడిరి. అంతకు ముందు గడి యెదుట వారిలో నెవడైన ఒంటరిగా చేయి యెత్తగలిగి యుండునా? స్విట్జర్లాండులోని అప్పెన్‌జెల్ ఇన్నర్‌రోడెన్‌లో బయట మైదానమున గూడి చేతులెత్తు పురుషులే 1990 ఏప్రిల్‌లో స్త్రీలకు ఓటు నిరాకరించిరి. న్యాయస్థానము కలుగజేసికొనిన పిదప, 1991లో గాని స్త్రీ లా సభలో నిలువలేదు.

అందుచేత లెక్కలు, చెరువులు, లబ్ధిదారుల జాబితాలు సభలోనే తేలుట మంచిదని మా తలంపు. భయమునకు తావున్న విషయములలో చేతులకు బదులు చీటీలు వేయించవలెను. సభయు పగటివేళ గాక, కూలివారు ఇండ్లకు చేరిన పిదప, దీపాలవేళ జరుగవలెను.