కంటెయినరుల క్లస్టరు: పాలనము, రక్షణము, దోషశోధనము

రేవుపట్టణములలో ఓడలనుండి దింపబడు పెద్ద యినుపపెట్టెలను మనలో పలువురు చూచియుందురు. లోపలి సరకేదైనను పెట్టె కొలత యొక్కటియే; కావున నే ఓడయైనను, ఏ లారీయైనను దానిని మోయగలదు. కంప్యూటరు విద్యలో కంటెయినరనునదియు నిట్టిదే. ఒక ప్రోగ్రామును, దానికి కావలసిన సామగ్రినంతయు నొక కట్టగా గట్టి, ఏ కంప్యూటరునందైనను ఒకే రీతిగా నడచునట్లు చేయుట దీని ప్రయోజనము. 2013వ సంవత్సరమున డాకరు వెలువడిన పిమ్మట నీ పద్ధతి మిక్కిలి వ్యాపించెను.

పెట్టెలు ఒకటి రెండైనచో మనుష్యుడే చూచుకొనవచ్చును. వందలు, వేలైనపుడు వానిని పలు కంప్యూటరులపై పంచి నడుపవలెను. ఇట్టి కంప్యూటరుల కూటమిని క్లస్టరందురు. దానిని పాలించుటకై గూగులు కంపెనీవారు 2014లో కుబర్నెటీసను సాధనమును ప్రకటించిరి. ఇది గ్రీకుపదము, ఓడకు చుక్కానిపట్టువాడని యర్థము.

పాలనము

ఈ చుక్కానివానికి ఆజ్ఞలిచ్చు పద్ధతి గమనింపదగినది. "ఇది చేయుము, పిదప నది చేయుము" అని చెప్పము. "ఈ ప్రోగ్రాముయొక్క ప్రతులు మూడు ఎల్లప్పుడును నడచుచుండవలెను" అని, కోరిన స్థితిని మాత్రము వ్రాసియిత్తుము. ఆ కోరిక ఎట్‌సీడీ యను చిట్టాలో నమోదగును. షెడ్యూలరు ఏ కంప్యూటరున చోటున్నదో చూచి ప్రతిని కేటాయించును. ఆ కంప్యూటరునందలి కుబ్‌లెట్టు దానిని నడిపించును. కంట్రోలరు కోరినదానిని, ఉన్నదానిని మాటిమాటికి పోల్చి చూచుచు, ఒకటి తగ్గినచో క్రొత్తదానిని పుట్టించును.

చిట్టా చెడినచో సర్వము చెడును. కావున దానిని మూడు లేక ఐదు కంప్యూటరులపై నుంచుదురు. సగమునకు మించినవి యేకీభవించిననే వ్రాత చెల్లును. మూడున్నచో ఒకటి, ఐదున్నచో రెండు చెడినను పని నిలువదు. నాలుగున్నను మూడింటి సమ్మతి కావలెను గనుక ఒకటి చెడుటనే సహింపగలదు. అందుచేత బేసిసంఖ్యయే మేలు.

రక్షణము

సామాన్యముగా కంటెయినరులు వేర్వేరు ఇండ్లు కావు, ఒకే యింటిలోని గదులు. ఒక కంప్యూటరుపై నున్నవానికన్నిటికిని లైనక్సు కెర్నెలు ఒక్కటియే. ఒక గదిలో దూరిన దొంగ గోడ దాటినచో ఇల్లంతయు వాని పాలగును. కావున ఏ ప్రోగ్రామునకును రూటు అధికారము ఊరక యీయరాదు. ఎవరికెంత పని కలదో అంత అధికారమే యీయవలెను.

మరి రెండు సంగతులు తెలిసికొనదగినవి. మనము నెట్‌వర్కు నియమములు పెట్టనంతవరకు ఒక క్లస్టరులోని ప్రతులన్నియు నొకదానితో నొకటి యడ్డులేక మాటలాడగలవు. సంకేతపదములను దాచు "సీక్రెట్" అను పత్రము బేస్64 వ్రాతలో నుండును. అది తాళము కాదు, లిపిమార్పు మాత్రమే, ఎరిగినవాడెవ్వడైనను చదువగలడు. చిట్టాను గూఢలిపిలో నుంచు నేర్పాటును మనమే చేయవలెను.

2018లో టెస్లా కంపెనీవారి కుబర్నెటీసు పాలనాఫలకము సంకేతపదము లేక తెరచియున్నట్లు వెల్లడియయ్యెను. ఆగంతకులు దానిలో ప్రవేశించి, ఆ కంప్యూటరుల బలముతో క్రిప్టోనాణెముల పని సాగించుకొనిరి. తలుపు మూయకపోవుటయే యా నష్టమునకు మూలము.

దోషశోధనము

మాటిమాటికి కూలు ప్రతిని కుబ్‌లెట్టు మరల లేపును. సాధారణముగా మొదట 10 సెకనులు, పిదప 20, 40, ఇట్లు రెట్టించుచు 5 నిమిషములవరకు ఆగి లేపుచుండును. దీనినే క్రాష్‌లూప్‌బ్యాక్‌ఆఫ్ అందురు. ఇది రోగలక్షణము గాని రోగము కాదు. శోధకుడు మొదట స్థితిని, పిదప సంఘటనల పట్టికను, అటుపిమ్మట కూలిన పూర్వప్రతియొక్క లాగును చదువవలెను. ముగింపుసంఖ్య 137 అయినచో 128కి 9 చేర్చినదని గ్రహింపవలెను. అనగా తొమ్మిదవ సంకేతముచే ప్రోగ్రాము చంపబడినది. తరచుగా దీనికి కారణము జ్ఞాపకశక్తి మితి దాటుట. సంఘటనల పట్టిక సాధారణముగా ఒక గంట మాత్రమే నిలుచును గనుక ఆలస్యము కూడదు.

ఒక యుదాహరణము. పరీక్షాఫలితముల దినమున వేలాది పిల్లలు ఒక్కసారిగా ఫలితము చూడగోరిరనుకొందము. మూడు ప్రతులును మెల్లగా జవాబిచ్చుచున్నవి. ప్రాణపరీక్షకు ఒక సెకనే గడువుంచిరి. ఆలస్యమును మరణముగా నెంచి కుబ్‌లెట్టు ఒకదానిని కూల్చి మరల మొదలుపెట్టును. దాని భారము తక్కిన రెంటిపై బడి అవియు నట్లే కూలును. ప్రోగ్రాములో తప్పు లేకున్నను ఎవ్వరికిని ఫలితము దొరకదు! గడువు పెంచుట, ప్రతుల సంఖ్యను ముందుగనే హెచ్చించుట దీనికి చికిత్స.

సువార్తలోని మంచి కాపరి తొంబదితొమ్మిదింటిని విడిచి తప్పిపోయిన యొక్క గొఱ్ఱెను వెదకబోయెను. ఈ చుక్కానివాడట్లు చేయడు. పోయినదానిని వెదకక, లెక్క సరిపుచ్చుటకు మరియొకదానిని పుట్టించును. లెక్క సరియైనంతమాత్రమున దోషము తీరదు. అది యేల పోయెనని వెదకువాడు మనుష్యుడే. బాలబాలికలారా, ఈ విద్య నభ్యసింపబోవు మీకు ఆ ఓర్పు మిక్కిలి యవసరము.