రిజర్వాయర్ ఇంజనీర్ కావాలా? ముందు రాతి లెక్క నేర్చుకోండి

పెట్రోలియం ఇంజనీరింగ్ విద్యార్థుల్లో చాలామంది సిమ్యులేషన్ సాఫ్ట్‌వేర్ వస్తే చాలనుకుంటారు. అందులో మనం వేసే పర్మియబిలిటీ (రాతి గుండా ద్రవం, గ్యాస్ ఎంత సులువుగా పారతాయో చెప్పే కొలత) అంకె ఎలా వచ్చింది, దాన్ని ఎంతవరకు నమ్మొచ్చు అని అడిగితే తడబడతారు. రిజర్వాయర్ ఉద్యోగంలో అసలు పని ఆ ప్రశ్నతోనే మొదలవుతుంది.

బావిలోంచి తీసిన రాతిని (కోర్) చిన్న ప్లగ్‌లా కోసి, ల్యాబ్‌లో దాని గుండా నైట్రోజన్ పంపి పర్మియబిలిటీ కొలుస్తారు. ద్రవం రంధ్రాల గోడలను అంటిపెట్టుకుంటుంది. గ్యాస్ అలా కాదు, పీడనం తక్కువైతే గోడల వెంట జారుతుంది. దాంతో రాయి ఉన్నదానికన్నా ఎక్కువ దారి ఇస్తున్నట్టు కనబడుతుంది. దీన్ని సరిదిద్దే లెక్కను 1941లో క్లింకెన్‌బర్గ్ ఇచ్చారు.

పెన్ను పట్టుకుని ఈ ఉదాహరణ చేసి చూడండి. సగటు పీడనం 1, 2, 4 అట్మాస్ఫియర్లు ఉన్నప్పుడు రీడింగులు 0.30, 0.20, 0.15 మిల్లీడార్సీలు వచ్చాయనుకుందాం. ఒకటిని సగటు పీడనంతో భాగించి అడ్డంగా, రీడింగులను నిలువుగా గుర్తించండి. మూడు చుక్కలూ ఒకే గీత మీద పడతాయి. ఆ గీతను వెనక్కి, సున్నా దాకా పొడిగిస్తే 0.10 దగ్గర తగులుతుంది. రాతి నిజమైన పర్మియబిలిటీ అదే. మొదటి రీడింగే నమ్ముకుంటే మూడు రెట్లు మోసపోయినట్టే! ఇదే రాయి భూగర్భంలో 200 అట్మాస్ఫియర్ల పీడనంలో ఉంటే జారుడు వల్ల వచ్చే తేడా ఒక్క శాతమే. రాయి బిగువయ్యే కొద్దీ ఈ దిద్దుబాటు పెరుగుతుంది. ఇసుకరాయి వదులుగా ఉంటే పెద్దగా పట్టించుకోనక్కర్లేదు.

ఇక్కడ విద్యార్థులు తరచూ చేసే పొరపాటు వాతావరణ పీడనం కలపని గేజ్ పీడనాన్నే వాడెయ్యడం. ప్లగ్ రెండు చివరల పరమ పీడనాల సగటు తీసుకోవాలి. ప్రవాహం వేగం మరీ పెరిగినా చుక్కలు గీత తప్పుతాయి.

ఇవన్నీ నేర్చుకోవాలంటే విశాఖలోని ఐఐపీఈ, కాకినాడ జేఎన్‌టీయూ, ధన్‌బాద్ ఐఐటీలలో పెట్రోలియం ఇంజనీరింగ్ చదవొచ్చు. గేట్‌లో దీనికి విడిగా పేపరుంది. జియాలజీ ఎమ్మెస్సీ చేసినవారు కోర్ ల్యాబుల వైపూ చూడండి. ఓఎన్‌జీసీకి అహ్మదాబాద్‌లో రిజర్వాయర్ అధ్యయనాలకే ఒక సంస్థ ఉంది. చమురు, గ్యాస్ దొరికే కృష్ణా-గోదావరి బేసిన్ కూడా మన ముంగిట్లోనే ఉంది.

ప్రాజెక్టుకు అంశం వెతుకుతుంటే మీ కాలేజీ ల్యాబ్‌లో ఒక ప్లగ్ తీసుకుని, కనీసం నాలుగు పీడనాల దగ్గర కొలిచి ఈ గీత గీయండి. ఆ గ్రాఫును ఇంటర్వ్యూకి వెంట తీసుకెళ్లండి.