జేడ్ కుండీకి ఎర్రమట్టి ఒక్కటే చాలదు

శివరాత్రి దాటింది, చలి తగ్గింది. మదనపల్లె, పుంగనూరు, కుప్పం ప్రాంతాల్లో జేడ్ మొక్కలకు కుండీలు, మట్టి మార్చడానికి ఇప్పటి నుంచి మార్చి నెలాఖరు దాకా మంచి అదను. వాన భయం లేదు కాబట్టి కోసిన వేళ్ల గాయాలు త్వరగా ఆరిపోతాయి. ఎండలు ముదిరేలోపు కొత్త వేళ్లు నిలదొక్కుకుంటాయి. టమాటా నారు, బంతి నారు పెంచే షేడ్‌నెట్ కింద ఒక మూల జేడ్ కూడా పెట్టుకున్న రైతులు, మేడ మీద పెంచుకునేవారు ఈ వారాల్లోనే మట్టి పని ముగించుకోవాలి.

మొక్క స్వభావం

జేడ్ పేరుతో మన దగ్గర రెండు మొక్కలు అమ్ముతున్నారు. గుండ్రటి దళసరి ఆకులది క్రాసులా ఒవాటా. చిన్న ఆకులు, ఎర్రటి కాడలతో బోన్సాయ్‌కి వాడేది పోర్చులకేరియా ఆఫ్రా. రెండింటి పుట్టిల్లూ ఆఫ్రికా దక్షిణ భాగంలోని పొడి నేలలు, రాతి వాలులే. ఆకుల్లో, కాండంలో నీళ్లు దాచుకుంటాయి. క్రాసులా పగటి వేడిలో ఆకు రంధ్రాలను మూసుకుని, రాత్రి చల్లబడ్డాక తెరుస్తుంది. అందుకే మట్టిలోంచి అది తీసుకునే నీరు చాలా తక్కువ. టమాటా అయితే కుండీలోని తడిని తానే పీల్చి ఆరబెడుతుంది. జేడ్ ఆ పని చేయదు. మిగిలిన నీటిని బయటకు పంపాల్సింది మట్టే. అది పంపకపోతే వేరు కుళ్లుతుంది, కాండం మొదలు మెత్తబడుతుంది, ఆకులు పసుపుబారి ముట్టుకుంటే రాలతాయి.

పొలంలో మంచి మట్టి కుండీలో ఎందుకు బిగుస్తుంది

మన ఎర్ర గరప నేల వేరుశనగకూ టమాటాకూ అనువైనదే. పొలంలో పైన పడిన నీరు లోతుకు దిగిపోతుంది. కుండీలో మట్టి జానెడు లోతులోనే ఆగిపోతుంది, నీరూ అక్కడే ఆగుతుంది. తడిపి ఆరేసిన చీరకు పైభాగం ఆరినా కింది అంచు చాలాసేపు తడిగానే ఉన్నట్టు, కుండీ అడుగు మట్టి ఎప్పుడూ తడిగా ఉంటుంది. మట్టి ఎంత మెత్తనిదైతే ఆ తడి పొర అంత మందం. పైగా నాలుగైదు తడులకే సన్నని రేణువులు ఇసుక సందుల్లో దూరి మట్టి గట్టిపడుతుంది.

అడుగున గులకరాళ్లు పరిస్తే సరిపోతుందని చాలామంది అనుకుంటారు. సరిపోదు. మెత్తటి మట్టిలోని నీరు రాళ్లలోకి తేలిగ్గా దిగదు. తడి పొర రాళ్ల పైకి జరిగి వేళ్లకు మరింత దగ్గరవుతుంది. రంధ్రం మీద దోమల మెష్ ముక్కో కుండ పెంకో వేస్తే చాలు. రాళ్లు ఉండాల్సింది మట్టిలో కలిసిపోయి, అడుగున పొరగా కాదు.

మిశ్రమం ఇలా కలపండి

గంపతో కొలిస్తే జల్లించిన ఎర్రమట్టి 2 పాళ్లు, ముతక ఇసుక 2 పాళ్లు, బఠాణీ గింజంత ఇటుక ముక్కలు 2 పాళ్లు, బాగా మాగిన వర్మీకంపోస్టు 1 పాలు. ఇసుక దొరక్కపోతే ఎం శాండ్ వాడవచ్చు. అయితే దాన్ని జల్లించి, కడిగి, సన్నని దుమ్ము పోయాకే కలపాలి. ఆ దుమ్ము ఉంటే పడ్డ శ్రమంతా వృథా. గ్రానైట్ పని జరిగే కుప్పం వైపు ఇటుక ముక్కలకు బదులు బేబీ చిప్స్ కలుపుకోవచ్చు. ఇటుక కాస్త తేమ పట్టి ఉంచుతుంది, గ్రానైట్ పట్టదు. కాబట్టి చిప్స్ వాడితే తడుల మధ్య గడువు కొంచెం తగ్గించాలి. బెంగళూరు మార్కెట్‌కు పంపే మొక్కలకు బరువు తగ్గాలంటే ఇసుకలో సగం తీసేసి కాల్చిన వరి ఊక వేయండి.

చెరువు మట్టి వద్దు, అది బంక. కొబ్బరి పొట్టు ఒక్కదానిలో నాటవద్దు. అది తడిస్తే త్వరగా ఆరదు, పూర్తిగా ఎండితే మళ్లీ నీళ్లు పట్టదు. సగం మాగిన పశువుల ఎరువులో వేరుపురుగు గుడ్లు, పిల్లపురుగులు ఉంటాయి. పచ్చి వేరుశనగ పొట్టు కుళ్లేటప్పుడు మట్టిలోని నత్రజనిని తానే వాడుకుంటుంది.

కలిపిన మట్టిని నాటకముందే పరీక్షించండి. కుండీలో నింపి ఒకసారి పూర్తిగా తడపండి. కారడం ఆగాక మరో చెంబు నీళ్లు పోయండి. నిమిషంలోపు అడుగు రంధ్రంలోంచి దిగిపోతే మట్టి సరైనదే. పైన మడుగు కడితే ఇంకో పాలు ఇటుక ముక్కలు కలపండి.

కుండీ, నాటే పద్ధతి

పలమనేరు టెర్రకోట మనకు పక్కనే ఉంది. కాల్చిన మట్టి కుండీ గోడల నుంచి కూడా తేమ ఆరుతుంది కాబట్టి జేడ్‌కు అదే మేలు. వేరు గడ్డ కన్నా చుట్టూ అంగుళం ఎక్కువ ఉంటే చాలు. పెద్ద కుండీ అంటే వేరు అందుకోలేని తడి మట్టి. కొత్త సిమెంటు కుండీని నీరు మారుస్తూ వారం పాటు నానబెట్టాకే వాడండి.

కుండీ మార్చడానికి వారం ముందే నీళ్లు ఆపండి. కడియం వైపు నుంచి వచ్చే నర్సరీ మొక్కలు చాలావరకు బంకమట్టి గడ్డతో ఉంటాయి. ఆ గడ్డను అలాగే పెట్టవద్దు. చుట్టూ వదులు మట్టి ఉన్నా లోపలి బంక తడిగానే ఉండి వేరును కుళ్లిస్తుంది. వేళ్లతో మెల్లగా విప్పి దులపండి. గోధుమరంగులో మెత్తబడిన వేళ్లు కోసేసి, మొక్కను మూడు నుంచి ఐదు రోజులు నీడలో ఆరనివ్వండి. తర్వాత పొడి మిశ్రమంలో నాటి, ఇంకో వారం దాకా తడపవద్దు. కొమ్మలు నాటేవారు కూడా కోసిన చివర ఎండి పొర కట్టాకే మట్టిలో గుచ్చాలి.

ఏడాది పొడవునా

ఏప్రిల్, మే నెలల్లో మధ్యాహ్నపు ఎండ నుంచి కాస్త నీడ ఇవ్వండి. ఏ కాలమైనా రెండంగుళాల లోతు దాకా వేలికి తడి తగలనప్పుడే నీళ్లు పోయాలి. పోసినప్పుడు అడుగు నుంచి కారేదాకా పోయాలి. ఈశాన్య రుతుపవనాలు వచ్చే అక్టోబరు, నవంబరుల్లో తుపాను ముసురు రోజుల తరబడి పట్టవచ్చు, అప్పుడు కుండీలను చూరు కిందికి జరపండి. చలికాలంలో రెండు మూడు వారాలకొక తడి చాలు.

మన బోరు నీళ్లలో ఉప్పులు ఎక్కువ. కుండీ అంచున తెల్లటి పొర కడితే అది గుర్తు. వాన నీరు పట్టి ఉంచుకుని, అప్పుడప్పుడూ దానితో మట్టిని బాగా కడిగేయండి. కణుపుల్లో పిండినల్లి కనిపిస్తే స్పిరిట్‌లో ముంచిన దూదితో తుడవండి. ఎరువు విషయంలో ఆత్రం వద్దు. పెరిగే కాలంలో నెలకొకసారి లీటరు నీటికి 1 గ్రాము 19:19:19 సరిపోతుంది.

జేడ్‌ను అమ్మకానికి పెంచాలనుకునే రైతులు ముందుగా బోరు నీటిని, ఎర్రమట్టిని పరీక్ష చేయించుకోండి. కలికిరి కృషి విజ్ఞాన కేంద్రంలోనో, మీ ఊరి రైతు సేవా కేంద్రంలోనో అడిగితే దారి చూపుతారు. సంచుల్లో అమ్మే ఖరీదైన మిశ్రమాలకు డబ్బు పెట్టకండి. ఎర్రమట్టి, ఇసుక, ఇటుక మన చుట్టూనే ఉన్నాయి. ఒక మంచి జల్లెడ కొనుక్కుని, ఈ ఫాల్గుణంలోనే పని మొదలుపెట్టండి.